హోలీ ఐలండ్‌లో నాలుగు గ్లాసుల మంచినీళ్ళు

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఇదంతా చదివాక కూడా దయచేసి నన్ను నమ్మేవాళ్ళ జాబితాలో వేయకండి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏ టైంకి, ఏ బటన్ నొక్కితే, ఏం జరిగిందో రాసిపెట్టి, మళ్ళీ అదే జరిపించి చూపిస్తే నాకు జీతం ఇస్తారు. మళ్ళీ చూపించలేకపోతే అది తప్పు కాదు, నీ భ్రమ అంటారు మా డెవలపర్లు. చాలాసార్లు నేనూ సరేనని ఊరుకుంటాను.

కాబట్టి దీన్ని కూడా ఆ పద్ధతిలోనే రాస్తాను. ఎవరెక్కడ ఉన్నారు, టైం ఎంత, ఎవరికి ఏం వినిపించింది. అంతకు మించి నాకు తెలిసింది కూడా ఏమీ లేదు.

ముందు మామ్మగారి గురించి చెప్పాలి. 2008లో మేం న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. నేను, మా ఆయన రవి, నాలుగేళ్ళ మా అమ్మాయి మేఘ. ఆ ఏడాది మా అత్తగారు ఆరు నెలలు ఉందామని వచ్చారు. మా కింది ఫ్లాట్‌లో తూర్పు గోదావరి వాళ్ళొక కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడని కాంప్లెక్స్‌లోని తెలుగువాళ్ళందరం మామ్మగారనే పిలిచేవాళ్ళం. డెబ్బై దాటిన మనిషి. మరీ చలి లేని రోజుల్లో పొద్దున్నే చీర మీద స్వెట్టర్ తొడుక్కుని, మేజోళ్ళు వేసుకుని మెట్ల కింద బెంచీ మీద కూచునేవారు. కార్ల దగ్గరికి వెళ్ళాలంటే ఎవరైనా ఆ బెంచీ ముందు నుంచే వెళ్ళాలి.

వెళ్ళే ప్రతి ఒక్కరినీ ఆవిడ ఒకటే అడిగేవారు. "ఎక్కడికమ్మా, బయల్దేరేరూ?"

ఆ చివరి 'రూ'ని కాస్త పైకి లేపి సాగదీసేవారు. ఆ సాగదీతని బట్టి, బాల్కనీలో బట్టలు మడతపెట్టుకుంటున్నా సరే, అడిగింది మామ్మగారే అని తెలిసిపోయేది.

మన ఇళ్ళల్లో బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగరు కదా. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. ఎవరైనా నోరు జారి అడిగితే, వెనక్కి వచ్చి, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా అత్తగారికి ఇది రాజ్యాంగం. కింద మామ్మగారి గొంతు వినపడగానే పైనుంచి "సుధా, ఒకసారి పైకి రామ్మా" అని కేక వేసేవారు. లాప్‌టాప్ బ్యాగ్ భుజానికి ఉండగానే సోఫాలో కూలబడి నీళ్ళు తాగి దిగేదాన్ని. ఆ వేసవిలో నేను తాగినన్ని నీళ్ళు జన్మలో తాగలేదు. రవి తెలివైనవాడు. లాండ్రీ రూం పక్కనున్న వెనక తలుపులోంచి దొంగలా జారుకునేవాడు. మిగతావాళ్ళు చెవిన ఫోన్ పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ దాటేవాళ్ళు. ఆవిడకి జవాబు చెప్పేది మా మేఘ ఒక్కతే. "స్కూల్‌కి, మామ్మగారూ", "షూస్ కొనడానికి, మామ్మగారూ" అని ఆగి మరీ చెప్పేది.

ఆ సెప్టెంబర్‌లో నా ప్రాజెక్ట్ అయిపోయింది. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ప్రాజెక్ట్ లేకపోవడమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకి తెలుసు. రవికి అప్పటికి పని చేసే అనుమతి లేదు. ఇంటిల్లిపాదీ నా వీసా మీదే ఉన్నాం. న్యూయార్క్‌లో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. తొమ్మిది ఇరవైకి ట్రైన్. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని మెట్లు దిగాను. మామ్మగారు అడగనే అడిగారు. పైనుంచి అత్తగారు పిలవనే పిలిచారు. పైకి వెళ్ళి, కూచుని, తాగుతుంటే గ్లాసు చేజారి చొక్కా తడిసింది. ఇంకో చొక్కా మార్చుకుని స్టేషన్‌కి పరిగెత్తేసరికి ట్రైన్ తలుపులు నా మొహం మీదే మూసుకున్నాయి. ఇంటర్వ్యూకి అరగంట ఆలస్యంగా వెళ్ళాను. ఆ ఉద్యోగం రాలేదు.

ఆ మాట తెలిసిన సాయంత్రం నేను ఆవిడని తిట్టాను. బెంచీ దగ్గర ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే తిట్టాను. "మీకు వేరే పనేం లేదా అండీ? కనపడ్డవాళ్ళందర్నీ ఎక్కడికి ఎక్కడికని అడ్డం పడతారు. మీ నోటి మూలంగా నా ఉద్యోగం పోయింది" అన్నాను. ఆవిడ "అయ్యో" అని మాత్రం అన్నారు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూచున్నారు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. అలా అడిగితే పని చెడుతుందని నేనెప్పుడూ నమ్మలేదు. ఆ ఒక్క రోజు మాత్రం నమ్మాను. తిట్టడానికి పనికొచ్చింది కాబట్టి నమ్మాను.

మూడు వారాల్లో నాకు ఇంకో ప్రాజెక్ట్ దొరికింది. అంతకన్నా మంచిది, ఇంటికి దగ్గర కూడా. మామ్మగారు మాత్రం ఆ తర్వాత నన్నే కాదు, ఎవరినీ ఎక్కడికని అడగలేదు. అదే బెంచీ మీద కూచునేవారు. మేం వెళ్తుంటే తలెత్తి చూసి, ఏదో అనబోయి ఊరుకునేవారు. క్షమించమని అడగడానికి నాకు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అవకాశం ఉండేది. అలా రెండేళ్ళు ఉంది. ఇవాళ వద్దు, రేపు చూద్దాం అనుకుంటూ గడిపేశాను. 2010లో వాళ్ళబ్బాయికి వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు ఆవిడ మేఘని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నారు. నాకు చెయ్యి ఊపారు.

ఇక ఇంగ్లండ్ సంగతి. 2013 వేసవిలో రవిని వాళ్ళ ఆఫీస్ ఆరు వారాల పని మీద న్యూకాజిల్ పంపింది. మేఘకి సెలవులు, అత్తగారు మళ్ళీ అమెరికా వచ్చి ఉన్నారు, నాకు రెండు వారాల లీవ్ ఉంది. ముగ్గురం వెళ్ళి రవిని కలిశాం. ఆ తీరం పొడుగునా ఉన్న పాత ఊళ్ళు చూడాలని నా కోరిక. పిస్కాటవేలో ఉండగానే రోజుకో వరసగా స్ప్రెడ్‌షీట్ తయారుచేసి ప్రింట్ తీసుకున్నాను. ఏ ఊరు, ఎన్నింటికి బయల్దేరాలి, పార్కింగ్ ఎక్కడ, అత్తగారికి కూచునే చోటుందా, అన్నీ అందులో ఉన్నాయి.

మొదట విట్‌బీ వెళ్ళాం. ఏటికి రెండు వైపులా ఎర్ర పెంకుల ఇళ్ళు, పొగబెట్టిన చేపల వాసన. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఊరంతా తిరిగారు. కొండ మీద కూలిపోయిన పాత మఠం ఉంది. దానికి నూట తొంభై తొమ్మిది మెట్లు. ఆవిడ మోకాళ్ళు పది మెట్లకే మొరాయించాయి. రవి ఆవిడకి తోడుగా కింద ఉండిపోయాడు. నేనూ మేఘా ఎక్కాం. పైన సముద్రపు గాలికి సమాధుల మీద పేర్లన్నీ అరిగిపోయాయి. సముద్రంలో పోయి తిరిగిరాని నావికుల రాళ్ళు కూడా అక్కడున్నాయని, వాటి కింద ఎవరూ లేరని ఒకాయన చెప్పాడు. రాయి పెట్టుకున్నారు, అంతే.

ఆ తీరంలో ఏ ఊరికి వెళ్ళినా నా కంట పడింది బెంచీలు. స్కార్‌బరోలో ఉన్నాయి, బాంబరోలో ఉన్నాయి. అన్నీ సముద్రం వైపు తిరిగి ఉంటాయి. వీపు ఆనించే చెక్క మీద చిన్న ఇత్తడి రేకు ఉంటుంది. ఫలానా ఆయన జ్ఞాపకార్థం, ఆయనకి ఇక్కడ కూచోవడం ఇష్టం అని. అత్తగారు ప్రతి బెంచీ మీదా కూచుని "ఏం రాశారమ్మా" అని చదివించుకునేవారు. స్కార్‌బరోలో మేఘ ఒక బెంచీ చూసి, తన అమెరికన్ తెలుగులో "అమ్మా, ఇది మామ్మగారి బెంచ్ లాగ ఉంది" అంది. నేను విననట్టు ముందుకి నడిచాను. కానీ ఆ రోజంతా ఆవిడే గుర్తొచ్చారు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, అప్పటికే మా బుర్రల్లో ఆవిడ ఉన్నారని మీకు తెలియాలి. అది నేను చెప్పబోయేదానికి వ్యతిరేకమైన సాక్ష్యం. అయినా దాచను.

ఆగస్టు తొమ్మిదిన హోలీ ఐలండ్ వెళ్ళాం. అది సగం రోజు ద్వీపం, సగం రోజు కాదు. ఒడ్డు నుంచి సముద్రపు అడుగు మీదుగా తారు రోడ్డు ఉంది. పోటు సమయంలో ఆ రోడ్డు మునిగిపోతుంది. ఏ టైం నుంచి ఏ టైం దాకా దాటొచ్చో రోజువారీ పట్టిక ఉంటుంది. ఆ టైంలు కూడా నా ప్రింట్‌లో ఉన్నాయి. మధ్యాహ్నం రెండు యాభై లోపల బయటపడాలి. పొద్దున వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన కర్రకాళ్ళ మీద ఒక తెల్ల గది కనపడింది. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు నిచ్చెనలాంటి మెట్లెక్కి అందులో తలదాచుకోవాలట. రవి నవ్వుతూ "అమ్మా, నువ్వెలా ఎక్కుతావే?" అన్నాడు. "మీరంతా ఎక్కండి, నేను కార్‌లో కూచుంటాను" అన్నారు అత్తగారు. అప్పుడు అందరం నవ్వాం. రోడ్డు మొదట్లో టైంల బోర్డు ఉంది. నా ప్రింట్ ఉండగా బోర్డు ఎందుకని చదవలేదు.

ద్వీపంలో పాత చర్చి గోడలు, గుట్ట మీద కోట, తిరగేసిన పడవల్ని కోసి చేసుకున్న గుడిసెలు చూశాం. ఎండ బాగా కాసింది. అవతలి ఒడ్డున మేఘని బీచ్‌కి తీసుకెళ్దామని రెండుంబావుకి కార్ దగ్గరికి వచ్చాం. దాటడానికి పది నిమిషాలు చాలు, ఇంకా అరగంట పైనే ఉంది అనుకున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా రాస్తాను. రవి కార్‌లో కూచుని ఇంజిన్ స్టార్ట్ చేశాడు, అతని వైపు అద్దం మూసి ఉంది, రేడియో మోగుతోంది. అత్తగారు వెనక తలుపు తీసి పట్టుకుని, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నారు. మేఘ అప్పటికే వెనక సీట్లో ఉంది, తల వంచుకుని ఏదో గేమ్ ఆడుతోంది. నేను ముందు తలుపు మీద చెయ్యి వేశాను. మా వెనక పదడుగుల దూరంలో ఒక బెంచీ ఉంది. ఆ దగ్గర్లో ఉన్న మనుషులు, డిక్కీ తీసుకుని సాండ్‌విచ్‌లు తింటున్న ఒక ముసలి ఇంగ్లీషు జంట. అంతే.

"ఎక్కడికమ్మా, బయల్దేరేరూ?"

నా వీపు వెనక నుంచి వినపడింది. మామూలు గొంతు. గట్టిగానూ లేదు, గుసగుసా కాదు. చివర్లో ఆ 'రూ' పైకి లేచింది.

మేఘ తలెత్తకుండానే "బీచ్‌కి, మామ్మగారూ" అంది. అన్నాక రెండు క్షణాలకి గేమ్ ఆపి, తల బయటికి పెట్టి చూసింది. "అమ్మా, మామ్మగారు ఎక్కడ ఉంది?"

బెంచీ ఖాళీగా ఉంది. అత్తగారు కార్ చుట్టూ తిరిగి వచ్చారు. ఆవిడ మొహంలో భయం లేదు, చిరాకు ఉంది. "ఎవరో అడిగారమ్మా. పదండి, లోపలికి పోయి కూచుని మంచినీళ్ళు తాగి వెళ్దాం" అన్నారు. ద్వీపంలో అయినా రాజ్యాంగం రాజ్యాంగమే.

మామూలుగా అయితే నేను వాచీ చూపించి వాదించేదాన్ని. చూశాను కూడా, రెండు ఇరవై అయింది. కానీ వాదించలేదు. అయిదేళ్ళయింది ఆ ప్రశ్న విని. ఆ గొంతుని ఆపింది నేనే. రవి అద్దం దించి "ఏమైంది?" అంటే, "అమ్మకి దాహమేస్తోందట, దిగు" అన్నాను.

పక్క సందులో ఒక టీ దుకాణం ఉంది. నలుగురం కూచుని నాలుగు గ్లాసుల మంచినీళ్ళు అడిగాం. దుకాణం ఆవిడ నీళ్ళు తెచ్చిపెట్టి, ఎంతో మర్యాదగా, "అయితే నీళ్ళు తగ్గేదాకా ఇక్కడే ఉంటున్నారన్నమాట" అంది. లేదు, ఇది తాగి వెళ్ళిపోతాం, రెండు యాభై దాకా టైం ఉందిగా అన్నాను. ఆవిడ చేతిలో ట్రే అక్కడే పెట్టేసి గోడకున్న కార్డ్ చూపించింది. ఆగస్టు తొమ్మిది వరసలో రెండు ఇరవై అని ఉంది.

నేను నా ప్రింట్ తీశాను. రెండు యాభై. టెస్టింగ్ చేసేదాన్ని కదా, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇంటర్నెట్‌లో ఉన్న ఆ పట్టికలో నేను 08/09 అని కొట్టి వెతికి, దొరికిన టైంలు కాపీ చేసుకున్నాను. అమెరికాలో అది ఆగస్టు తొమ్మిది. ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ ఎనిమిది. ఇండియాలో పుట్టి, రోజు ముందు రాసి నెల తర్వాత రాయడం నేర్చుకుని, ఆ అలవాటు మార్చుకోవడానికి అమెరికాలో నానా తంటాలూ పడి, చివరికి మార్చుకున్నాను. ఆ పాత అలవాటు మనకి నేర్పింది ఈ ఇంగ్లీషువాళ్ళేనన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు. నెల తేడా ఉన్నా, చంద్రుణ్ణి బట్టి పోటు వేళలు తిరిగి దాదాపు అక్కడికే వస్తాయట. తేడా అరగంటే. అందుకే పొద్దున వచ్చేటప్పుడు ఏ అనుమానమూ రాలేదు.

రవి నా చేతిలో కాగితం తీసుకుని, రెండు యాభై కొట్టేసి రెండు ఇరవై అని రాశాడు. ఏదో ఒకటి అంటే బాగుండేదనిపించింది.

నీళ్ళు తాగి, ఇసుక దిబ్బలు ముగిసి రోడ్డు సముద్రంలోకి దిగే చోటు దాకా కార్‌లో వెళ్ళి ఆపాం. అప్పటికి మూడు కావస్తోంది. మా వైపు రోడ్డు చాలా దూరం పొడిగానే ఉంది. ముందు మునిగేది అవతలి ఒడ్డు దగ్గరి పల్లమట. అంటే రెండు ఇరవైకి మేం బయల్దేరి ఉంటే, ఎదురుగా పొడి రోడ్డే కనపడేది. మధ్య దాకా ధైర్యంగా వెళ్ళిపోయేవాళ్ళం. అలలు లేవు, చప్పుడు లేదు. నేల కడిగేటప్పుడు నీళ్ళు పాకినట్టు రెండు వైపుల నుంచీ తీరుబడిగా పాకుతూ వచ్చి, మేం చూస్తుండగానే తారు రోడ్డు గీత కలిసిపోయింది. తెల్ల గది మెట్లు సగం దాకా నీళ్ళలో ఉన్నాయి. నేను అత్తగారి మోకాళ్ళ వంక చూశాను. మేఘకి ఈత రాదు. దిబ్బ మీద కూచుని ఏడ్చాను. అత్తగారు నా తల నిమిరారు. నా తప్పేమిటో ఆవిడకి అప్పటికి ఇంకా అర్థం కాలేదు.

సాయంత్రం ఏడు దాటాక నీళ్ళు తీశాయి. అందాకా అక్కడే కూచుని పొద్దున చేసుకెళ్ళిన పులిహోర తిన్నాం. దూరంగా ఇసుక మేట మీద సీల్స్ అనే సముద్ర జంతువులు అరుస్తున్నాయి. మనుషులు మూలిగినట్టుంటుంది ఆ అరుపు. రవి, "మీరు విన్నది అదే అయ్యుంటుంది" అన్నాడు. కావచ్చు. కానీ సీల్ తెలుగు మాట్లాడదు. మాట్లాడినా గోదావరి యాసలో మాట్లాడదు. వెళ్ళే ముందు నేను దుకాణానికి తిరిగి వెళ్ళి ఆ సమయంలో ఊళ్ళో ఇంకెవరైనా ఇండియన్స్ కనపడ్డారా అని అడిగాను. లేరంది. ఖాళీ బెంచీ మీది రేకు కూడా చదివాను. ఎవరో ఇంగ్లీషాయన పేరు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఆగస్టు మూడో వారంలో పిస్కాటవే తిరిగి వచ్చాం. బాతెల్ నంబర్ ఎవరినో అడిగి సంపాదించి, పట్టుకుని వారం రోజులు తిరిగాను. అయిదేళ్ళ తర్వాత ఏమని మొదలుపెట్టాలి? చివరికి ఒక ఆదివారం చేశాను. మామ్మగారి కోడలు లత ఎత్తింది. మామ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. అంతే, ఇంకేమీ చెప్పలేదు. నేను ఆ మాట తప్ప ఇంకేమీ చెప్పలేదన్నది గుర్తుపెట్టుకోండి.

మార్చిలో స్ట్రోక్ వచ్చిందని లత చెప్పింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. అన్నం పెడితే తింటారు, మనుషుల్ని గుర్తుపడుతున్నారో లేదో తెలియదు. "ఇన్ని నెలల్లో ఒకే ఒక్కసారి మాట్లాడేరండి" అంది. ఆగస్టులో ఒక పొద్దున్న వంటింట్లో సమ్మర్ క్యాంప్‌కి వెళ్ళే పిల్లల లంచ్ బాక్స్‌లు కడుతుంటే, గదిలోంచి స్పష్టంగా వినపడిందట. "ఎక్కడికమ్మా, బయల్దేరేరూ?"

"నన్నేనేమో అనుకుని, ఎక్కడికీ లేదత్తయ్యా, ఇక్కడే ఉన్నానంటూ పరిగెత్తేనండి. ఆవిడ నావైపు కూడా చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మళ్ళీ ఎంత అడిగినా పలకలేదు."

ఏ రోజు అని అడిగాను. ఆ రోజే స్పీచ్ థెరపిస్ట్‌కి ఫోన్ చేసి, అక్కడ చెప్పినవన్నీ కాలెండర్‌లో రాసుకున్నానని లత చూసి చెప్పింది. ఆగస్టు తొమ్మిది. పొద్దున్న ఆరున్నర లోపే, ఎందుకంటే ఆరున్నరకి బయల్దేరే వాళ్ళాయన అప్పటికింకా ఇంట్లోనే ఉన్నాడు. ఇంగ్లండ్‌కీ అక్కడికీ ఎనిమిది గంటలు తేడా, మా మధ్యాహ్నం రెండు ఇరవై వాళ్ళకి పొద్దున్న ఆరు ఇరవై. నేను కాగితం మీద వేసి చూశాను. తేదీల విషయంలో నన్ను నేను నమ్మను కాబట్టి రవితో కూడా వేయించాను.

నవంబర్ సెలవుల్లో ఒక్కదాన్నే బాతెల్ వెళ్ళాను. మామ్మగారు కిటికీ పక్కన వాలు కుర్చీలో ఉన్నారు. సగానికి సగం అయ్యారు. కింద కూచుని, ఎడమ చెయ్యి పట్టుకుని, ఆ రోజు బెంచీ దగ్గర అన్న మాటలకి క్షమించమని అడిగాను. ద్వీపం సంగతి చెప్పాను. ఆవిడ నా మొహం వంక చూశారు. విన్నారో లేదో నాకు తెలియదు. విన్నారని రాసుకోవాలని ఉంది, కానీ తెలియదు.

వంటింట్లో లత ఇంకో సంగతి చెప్పింది. "ఎక్కడికని అడక్కూడదని ఆవిడకి తెలీదనుకున్నారా? మా ఇంట్లో ఎవర్నీ అడిగేవారు కాదు. అక్కడ పిస్కాటవేలో మాత్రం, ఊరు కాని ఊళ్ళో ఎవరు ఎటు వెళ్ళేరో తెలీకపోతే నాకు ఊపిరాడదే అనేవారు. సాయంత్రం మళ్ళీ ఒక్కొక్కళ్ళూ వచ్చేరా లేదా అని కిటికీలోంచి చూసుకునేవారు. అందరి కార్లూ వచ్చేదాకా అన్నానికి లేచేవారు కాదండి."

నేను తిట్టాక అడగడం మానేశారు. చూసుకోవడం మానలేదట. ఎక్కడికి వెళ్ళామో తెలియకుండానే రెండేళ్ళు మా కార్ల కోసం చూశారు.

బయల్దేరేటప్పుడు బ్యాగ్ భుజాన వేసుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ అడగలేరు కదా. "ఎయిర్‌పోర్ట్‌కి, మామ్మగారూ. అక్కణ్ణుంచి పిస్కాటవే, ఇంటికి" అన్నాను. ఎవరూ పిలవకుండానే వెనక్కి వచ్చి, ఆవిడ పక్కన కూచుని, లత ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచాను. ఇంటికి చేరగానే ఫోన్ చేసి, చేరానని ఆవిడ చెవిలో చెప్పమన్నాను. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా, ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినా కూడా, తిరిగొచ్చాక లతకి ఒక మెసేజ్ పెట్టేదాన్ని. "ఇంటికొచ్చాం, మామ్మగారికి చెప్పు."

కారణం వెతక్కపోలేదు. స్ట్రోక్ వచ్చినవాళ్ళ నోట పాత అలవాటు మాటలు ఉన్నట్టుండి ఊడిపడతాయని డాక్టర్ ఫ్రెండ్ ఒకామె చెప్పింది. మేం ముగ్గురం అప్పటికి బెంచీల వల్ల ఆవిడనే తలుచుకుంటున్నాం కాబట్టి అలా అనిపించిందంటాడు రవి. రెండూ విడివిడిగా బాగానే ఉన్నాయి. రెండూ ఒకే రోజు, ఒకే వేళకి ఎందుకు జరిగాయో ఇద్దరూ చెప్పలేకపోయారు. మా ఆఫీస్ పద్ధతిలో అయితే మళ్ళీ జరిపించి చూపించలేకపోయాను కాబట్టి దీన్ని కొట్టేయాలి. కొట్టేయడానికి నాకు చేతులు రావడం లేదు.

మామ్మగారు మరుసటి వేసవిలో పోయారు. లత ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆఫీస్ పార్కింగ్‌లో, కార్‌లో ఉన్నాను. ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే. ఎక్కడికండీ, మామ్మగారూ, అని వెనక నుంచి గట్టిగా అడగాలనిపించింది. అడిగి ఉంటే, ఒక్కసారి వెనక్కి వచ్చి, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు.